నల్లగొండలో ఇన్‌లైన్ హాకీ శిక్షణ: ఆటగాడిని కాదు, శిక్షకుడిని చూసి చేర్పించండి

నల్లగొండ శివారులో ఒక పాఠశాల సిమెంటు ఆవరణలో తెల్లవారుజామున నడుస్తున్న ఇన్‌లైన్ హాకీ శిబిరంలో మా అమ్మాయి వేసవి నుంచి నేర్చుకుంటున్నది. ఐస్ హాకీని చక్రాల బూట్లపై ఆడితే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉండే ఆట ఇది. బంతికి బదులు పక్ అనే చదునైన గుండ్రటి బిళ్ళ ఉంటుంది, గోల్‌కీపర్ కాక జట్టుకు నలుగురు ఆడతారు, ఎదుటివారిని ఒంటితో ఢీకొట్టడానికి అనుమతి లేదు. శిక్షకుడు ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడి, మోకాలి గాయంతో ఆట మానుకున్న వ్యక్తి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఈ శిబిరాన్ని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే ఒక ముఖ్యమైన లోటు ఉంది, దాన్ని కూడా చెబుతాను.

మన దగ్గర పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, "సారు ఏ లెవల్ దాకా ఆడిండు?" అన్నదే. ఆ ప్రశ్న తప్పు కాదు గాని, దాని జవాబు మీదనే నిర్ణయం తీసుకోకూడదని ఐస్ హాకీ చరిత్ర చెబుతుంది. 1999లో ఆట విరమించే నాటికి వేన్ గ్రెట్జ్‌కీ ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 894 గోల్స్, 2,857 పాయింట్లు (తాను కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన సాయం కలిపి) సాధించాడు. ఆ పాయింట్ల రికార్డును నేటికీ ఎవరూ అందుకోలేదు. అంతటివాడు 2005 నుంచి 2009 వరకు ఫీనిక్స్ కయోటీస్ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా ఉన్న నాలుగు సీజన్లలో ఆ జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు, అంటే కప్పు కోసం చివర జరిగే పోటీలకు, చేరలేదు. జట్టు బలహీనంగా ఉండటం, యాజమాన్యం ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుపోవటం కూడా కారణాలే కనుక తప్పంతా ఆయనదే అనటం న్యాయం కాదు. మరోవైపు, న్యాయవాదిగా పనిచేస్తూ శిక్షణలోకి వచ్చి, వృత్తి ఆటగాడిగా ఎన్నడూ ఆడని జాన్ కూపర్, టాంపా బే లైట్నింగ్ జట్టును 2020లోనూ 2021లోనూ ఆ లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ విజేతగా నిలిపాడు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన ఉదాహరణ జాక్ లెమేర్‌ది. మాంట్రియల్ కెనడియన్స్ తరఫున 12 సీజన్లు ఆడి 8 స్టాన్లీ కప్పులు గెలిచిన ఆయన, 1979లో జట్టు గెలుస్తున్న రోజుల్లోనే తప్పుకొని స్విట్జర్లాండ్‌కు వెళ్ళాడు. తరువాత అమెరికాలో ఒక కళాశాల జట్టుతోనూ, కెనడాలో ఒక జూనియర్ జట్టుతోనూ పనిచేశాడు. పేరున్న ఆటగాడు చిన్న జట్ల దగ్గర కూర్చొని నేర్పటం నేర్చుకున్న కాలం అది. 1995లో న్యూజెర్సీ డెవిల్స్‌కు ఆయన తొలి స్టాన్లీ కప్ అందించినప్పుడు, ఫైనల్‌లో వరుసగా నాలుగు మ్యాచ్‌లలో ఓడిన డెట్రాయిట్ జట్టు శిక్షకుడు, మాంట్రియల్‌లో ఒకప్పుడు లెమేర్‌కే శిక్షణ ఇచ్చిన స్కాటీ బౌమన్. మైదానం మధ్యభాగాన్ని మూసివేసి ప్రత్యర్థి వేగాన్ని అక్కడే చంపే పద్ధతిని ఆ జట్టు ఎంత ఓపికగా పాటించిందంటే, ఆట నీరసంగా మారిందని విమర్శించినవారు సైతం దాని ఫలితాన్ని కాదనలేకపోయారు. రాడ్ బ్రిండామోర్ కూడా అటువంటివాడే. 2006లో కెరొలైనా హరికేన్స్ కెప్టెన్‌గా కప్పు ఎత్తి, అదే జట్టులో ఏళ్ళపాటు సహాయకుడిగా ఉండి, 2018లో గాని ప్రధాన శిక్షకుడు కాలేదు.

మన నల్లగొండ శిక్షకుడిలో నేను గుర్తించినది ఈ నేర్చుకునే గుణమే. ఆట మానుకున్న వెంటనే ఆయన సొంత శిబిరం పెట్టలేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద శిక్షకుడి దగ్గర చాలాకాలం సహాయకుడిగా పనిచేశాడు. ఆ అనుభవం పిల్లలతో ఆయన ప్రవర్తనలో కనబడుతుంది. మొదటి వారాల్లో ఎవరి చేతికీ స్టిక్ ఇవ్వడు. దెబ్బ తగలకుండా పడటం, చేతులు నేలకు ఆనించకుండా లేవటం, మోకాళ్ళు వంచి బరువును పాదం లోపలి అంచు నుంచి వెలుపలి అంచుకు మార్చటం, ఇవి వచ్చాకే పక్ దగ్గరకు రానిస్తాడు. ఆగటం నేర్పే తీరు మరీ మెచ్చుకోదగినది. ఐస్ మీద బ్లేడును అడ్డంగా తిప్పితే అది మంచును గీరుతూ ఆగుతుంది. సిమెంటు మీద అదే పని చేస్తే చక్రాలు పట్టేసి పిల్లవాడు బోర్లా పడతాడు. వీడియోలలో చూసినదాన్ని అనుకరించబోయే పిల్లలకు ఆయన ఈ తేడాను విడమరిచి చెప్పి, వెనుక పాదాన్ని అడ్డంగా ఈడ్చి వేగం తగ్గించటం ముందుగా నేర్పుతాడు. అందరికన్నా వేగంగా వెళ్ళే పిల్లల దగ్గర కాక, గోడ పట్టుకొని నిలబడిన పిల్లల దగ్గరే ఆయన ఎక్కువసేపు గడపటం నేను గమనించాను.

ఆదివారం జరిగే చిన్న మ్యాచ్‌లలో ఐస్ హాకీ పద్ధతిలోనే, సుమారు నిమిషానికోసారి ఆటగాళ్ళను మారుస్తాడు. పెద్ద లీగుల్లో సాధారణంగా 45 సెకన్ల చుట్టూ ఆటగాడిని వెనక్కి పిలిచేది అలసట వల్ల వేగం తగ్గకుండా ఉండటానికి. ఇక్కడ దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది, ప్రతి పిల్లవాడూ ఆడతాడు. బయటికి వచ్చిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి, ఒకే ఒక్క మాట చెప్పి మళ్ళీ పంపుతాడు.

రుసుము నెలకు 1,500 రూపాయలు. మొదటి నెల స్కేట్స్, హెల్మెట్, మోకాలి, మోచేతి, మణికట్టు రక్షణ సామగ్రి వాళ్ళే ఇస్తారు. మన ఎండలకు ఉదయం ఏడున్నరకే ముగించటం సరైన నిర్ణయం. నేలపై దుమ్ము మాత్రం ఎక్కువ. బేరింగులు త్వరగా బిగుసుకుంటాయి కాబట్టి సొంత స్కేట్స్ కొన్నవారు వాటిని తరచుగా విప్పి శుభ్రం చేసుకోవాలి.

ఇక లోటు విషయం. గోల్‌కీపర్‌కు ఇక్కడ ప్రత్యేక శిక్షణ లేదు. నిలబడే భంగిమ, పక్ వచ్చే కోణాన్ని మూసేందుకు ముందుకు జరగటం, మోకాళ్ళపై వాలి మళ్ళీ లేవటం, ఇవన్నీ మిగతా ఆటకు పూర్తిగా భిన్నమైన విద్య. అందుకే నేషనల్ హాకీ లీగ్ జట్లు గోల్‌కీపర్లకు వేరే శిక్షకుడిని నియమించుకుంటాయి. ఇక్కడ ఆ స్థానంలో పిల్లలు వంతులవారీగా నిలబడి, తమకు తోచినట్లు ఆపుతున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు శిక్షకుడు శ్రద్ధగా విని, హైదరాబాద్ నుంచి ఒక పాత గోల్‌కీపర్‌ను నెలకోసారైనా రప్పించే ప్రయత్నంలో ఉన్నానన్నాడు. మీ అబ్బాయికో అమ్మాయికో గోల్ దగ్గర నిలబడాలని ఉంటే, డబ్బు కట్టే ముందు ఆ ఏర్పాటు మొదలైందో లేదో అడిగి తెలుసుకోండి.