తుబ్బతహా పడవా, పలవాన్ బంకానా, రాజా అంపట్ హోమ్‌స్టేనా: గ్యాంగ్‌తో పగడపు దిబ్బల ట్రిప్‌కి ఏది మేలు?

జనం పెద్దగా వెళ్లని దీవులకు పదిమంది కలిసి పోదామనుకుంటే చర్చ ఫొటోలతో మొదలవుతుంది. ఒకరు ఇండోనేసియాలోని రాజా అంపట్ ఫొటో పెడతారు. ఇంకొకరు ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతహా షార్కుల వీడియో పంపుతారు. మూడో మనిషి "అంత ఖర్చెందుకు, పలవాన్‌లో పడవెక్కి దీవి దీవికీ తిరుగుదాం" అంటాడు. ఫొటోల్లో మూడు చోట్లా అదే నీలం నీళ్లు, అవే పగడాలు. వెళ్లాక మాత్రం మూడూ వేరు వేరు బతుకులు. తుబ్బతహాలో ఉన్నన్నాళ్లూ కాలు నేల మీద పెట్టరు. పలవాన్‌లో పగలంతా పడవ మీద, రాత్రి ఇసుక ఒడ్డున. రాజా అంపట్‌లో ఒక ఊళ్లో మకాం పెట్టి, ఇంటి మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లొస్తుంటారు.

అందుకే ఫొటోలు పక్కనపెట్టి ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. గుంపులో స్కూబా (సిలిండర్ కట్టుకుని లోతుకు దిగడం) సర్టిఫికెట్ ఉన్నవాళ్లెందరు, స్నార్కెలింగ్‌తో (మాస్క్, గొట్టం పెట్టుకుని పైన తేలుతూ చూడడం) సరిపెట్టుకునేవాళ్లెందరు, ఈతే సరిగా రానివాళ్లెందరు? ఈ లెక్క తేలకుండా దీవి పేరు ఖాయం చేసిన గ్యాంగుల్లో సగం మంది పడవ మీద కూర్చుని మిగతా సగం కోసం ఎదురుచూస్తుంటారు.

పెద్ద క్రూయిజ్ ఓడల్ని ఈ పోలికలోకే తీసుకోలేదు. 2017 మార్చిలో 'కాలెడోనియన్ స్కై' అనే క్రూయిజ్ ఓడ రాజా అంపట్‌లో క్రి దీవి దగ్గర ఆటు సమయంలో దిబ్బ మీదకెక్కి, వేల చదరపు మీటర్ల పగడాన్ని నుజ్జు చేసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2013 జనవరిలో, అమెరికా నౌకాదళానికి చెందిన 'గార్డియన్' తుబ్బతహాలో ఇలాగే ఇరుక్కుపోయింది. దాన్ని ముక్కలుగా కోసి తీయాల్సి వచ్చింది. పగడం చూడ్డానికే వెళ్తున్నప్పుడు చిన్న పడవే న్యాయం.

తుబ్బతహా: అందరికీ స్కూబా వస్తేనే

ఫిలిప్పీన్స్‌లో పలవాన్ దీవి మీదున్న ప్వెర్టో ప్రిన్సెసా నుంచి సులు సముద్రంలోకి సుమారు 150 కిలోమీటర్లు. రాత్రి బయలుదేరితే తెల్లారేసరికి చేరతారు, పది పన్నెండు గంటల ప్రయాణం. 1988లో జాతీయ పార్కు అయింది, 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాదాపు 97 వేల హెక్టార్లలో చేపల వేట పూర్తిగా నిషేధం. వంతులవారీగా కాపలా కాసే రేంజర్లు తప్ప మనుషులెవరూ ఉండరు. హోటల్ లేదు, ఊరు లేదు, సముద్రపక్షులు గూళ్లు పెట్టే చిన్న దీవి మీద దిగనివ్వరు కూడా. కాబట్టి ఉండేది, తినేది, పడుకునేది అంతా లివ్‌అబోర్డ్ పడవ మీదే.

ఆ కష్టానికి ఫలితం మాత్రం గట్టిదే. దిబ్బ అంచు దగ్గర నేల ఉన్నట్టుండి మాయమై, పగడపు గోడ నిట్టనిలువుగా చీకట్లోకి దిగిపోతుంది. ఆ గోడ వెంట షార్కులు, ట్రెవల్లీ చేపల గుంపులు, తాబేళ్లు. వేట లేని సముద్రం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆసియాలో ఇంతకు మించిన పాఠం తక్కువ.

అసలు చిక్కు ఆ గోడల దగ్గరి ప్రవాహాలు. నిన్నగాక మొన్న స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసినవాళ్లకు ఇది సరైన చోటు కాదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఒక రాత్రి ప్రయాణమంత దూరం. స్కూబా రాని మనిషిని తీసుకెళ్తే పాపం అతను రోజుకు మూడు నాలుగు సార్లు మిగతావాళ్ల సిలిండర్లు నింపే కంప్రెసర్ మోత వింటూ కూర్చోవాలి. పైగా సీజన్ మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే. మిగతా నెలల్లో సులు సముద్రం రానివ్వదు. ఉన్న మూడు నెలలకే పడవలన్నీ పోటీపడతాయి కాబట్టి పదిమందికి ఒకే పడవలో చోటు కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. మూడింటిలో జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేదీ ఇదే.

పలవాన్ బంకా: పగడం తక్కువ, సరదా ఎక్కువ

బంకా అంటే రెండు వైపులా వెదురు బొంగులు చాపుకొని నీటి మీద నిలదొక్కుకునే ఫిలిప్పీన్స్ పడవ. పలవాన్ ఉత్తర కొసనున్న ఎల్ నీడో నుంచి ఇంకా ఉత్తరాన ఉన్న కొరోన్‌కు వేగంగా వెళ్లే ఫెర్రీలో కొన్ని గంటల్లో చేరొచ్చు. అదే దారిని బంకా మీద మూడు నుంచి ఐదు రోజులు తీరిగ్గా, మధ్యలో లినపకాన్ దీవుల గుండా సాగించే ట్రిప్పులున్నాయి. రాత్రికి ఏదో ఒక దీవి ఒడ్డున వెదురు గుడిసెలో పరుపు, దోమతెర. వంట పడవ సిబ్బందిదే. దారిలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. గ్రూపు ట్రిప్‌కి అదే ఒక వరం అనుకుంటాను.

పగడం సంగతి నిజం చెప్పుకోవాలి. ఈ వైపు దిబ్బలు కొన్నిచోట్ల చాలా బాగుంటాయి, ఇంకొన్నిచోట్ల వెనకటి రోజుల డైనమైట్ వేట, సైనైడ్ వేట చేసిన గాయాలు, తుఫాన్ల దెబ్బలు కనిపిస్తాయి. 2021 డిసెంబరులో 'ఒడెట్' తుఫాను పలవాన్‌ను గట్టిగా కొట్టింది. తుబ్బతహా చూసొచ్చిన మనిషి ఇక్కడ పెదవి విరుస్తాడు.

అయితే కొరోన్ దగ్గర మిగతా రెండు చోట్లా దొరకనిది ఒకటుంది. 1944 సెప్టెంబరు 24న అమెరికా విమానాలు అక్కడ దాక్కున్న జపాన్ సరఫరా ఓడల మీద బాంబులు వేశాయి. ఆ ఓడలు ఇప్పటికీ అడుగున ఉన్నాయి, వాటి మీద పగడాలు పెరిగాయి. 'ఇరాకో', 'ఒకికావా మారు' లాంటివి స్కూబా వాళ్లకే. కానీ లుసోంగ్ దీవి దగ్గరి చిన్న గన్‌బోట్ పైభాగం నీటి మట్టానికి దగ్గరగానే ఉంటుంది. మాస్క్ పెట్టుకుని పైన తేలుతూనే చూడొచ్చు. స్కూబా వచ్చినవాళ్లు, రానివాళ్లు కలిసున్న గ్యాంగ్‌కి ఇలాంటి చోట్లే కావాలి. కొరోన్ దీవి టగ్బనువా ఆదివాసుల సొంత నేల. వాళ్లు తెరిచి ఉంచిన కయాంగన్ సరస్సు లాంటి కొన్ని చోట్లకే వెళ్లాలి, మిగతా చోట్లకు 'ఒక్కసారి పోనివ్వండి' అని పడవ నడిపేవాళ్లను బతిమాలకూడదు.

ఇక వాతావరణం. గాలి లేస్తే కోస్ట్ గార్డ్ చిన్న పడవల్ని కదలనివ్వదు. అలాంటి రోజున ప్లాన్ మొత్తం తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్యపు గాలి, జూన్ నుంచి నైరుతి గాలి, వానలు, తుఫాన్లు. సముద్రం నెమ్మదిగా ఉండేది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. తిరుగు ప్రయాణం విమానానికి ముందు కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోనివాళ్లకు ఈ ట్రిప్ చివర్లో టెన్షనే.

రాజా అంపట్: ఒక ఊళ్లో మకాం

ఇండోనేసియాకు తూర్పు కొసన, పాపువా వైపు, వైగేయో, బటాంటా, సలావాటి, మిసోల్ అనే నాలుగు పెద్ద దీవులు, వాటి చుట్టూ 1,500 దాకా చిన్న దీవులు, ఇసుక తిప్పలు. సొరోంగ్ దాకా విమానం, అక్కడినుంచి వైసాయ్‌కి సుమారు రెండు గంటల ఫెర్రీ, వైసాయ్ నుంచి హోమ్‌స్టే వాళ్లే పడవలో వచ్చి తీసుకెళ్తారు. మూడింటిలో చేరడానికి ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడికే.

ఇక్కడి పగడానికి కారణం డాంపియర్ జలసంధి. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య నీళ్లు ఈ ఇరుకు దారుల గుండా పరుగెడతాయి. ఆ నీటితో ఆహారం వస్తుంది, ఆహారం కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి, నీటిని జల్లెడపట్టి తినడానికి రెక్కలు చాచినట్టుండే పెద్ద మాంటా రే చేపలు. 2012లో చేపల శాస్త్రవేత్త జెరీ ఆలెన్ కేప్ క్రి దగ్గర ఒక్క డైవ్‌లో 374 జాతుల చేపల్ని లెక్కపెట్టాడు. గట్టి పగడాల జాతులే 550కి పైగా ఉన్నాయి.

ఈ సంపద చూడ్డానికి స్కూబా రావాలన్న షరతు లేదు, గుంపుకి కలిసొచ్చేది అదే. క్రి, గమ్, మన్సువార్, అర్బొరెక్ దీవుల్లో పాపువా కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు చాలావరకు దిబ్బ పక్కనే ఉంటాయి. తాటాకు లాంటి ఆకు కప్పిన గుడిసెలు, కొన్ని నీళ్ల మీదే కర్రల ఆధారంతో నిలబెట్టినవి. జెట్టీ కింద చేపల గుంపులు, ఒడ్డు దగ్గరే తిరిగే నల్లమచ్చ రెక్కల పిల్ల షార్కులు. రాత్రి టార్చ్ వేసి లోతు తక్కువ నీళ్లలో వెతికితే రెక్కల మీద నడిచినట్టు పాకే చిన్న షార్క్ కనబడవచ్చు. అర్బొరెక్ దగ్గరి మాంటా శాండీలో స్కూబా వాళ్లు ఇసుక మీద వరుసగా ఆగి మాంటాల కోసం చూస్తారు, స్నార్కెలింగ్ వాళ్లు అవే మాంటాల్ని పైనుంచి చూస్తారు. సాయంత్రం భోజనం దగ్గర ఇద్దరూ ఒకే కబుర్లు చెప్పుకోవచ్చు. నీళ్లంటే భయమున్నవాళ్లకు కూడా పని ఉంటుంది. గమ్ దీవిలో తెల్లవారకముందే కొండెక్కితే చెట్టు కొనన ఎర్ర స్వర్గపక్షుల నాట్యం. 1860లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ వైగేయో వైపు వచ్చింది ఈ పక్షి కోసమే.

ఇబ్బందులూ చెప్పాలి. బకెట్ స్నానం, కరెంటు చాలాచోట్ల సాయంత్రం జనరేటర్ వేసినప్పుడే, తిండి రోజూ అన్నం, చేప, ఆకుకూర. శాకాహారులు ముందే చెప్పి, వెంట ఏదో ఒకటి తెచ్చుకోవాలి. మలేరియా ఉన్న ప్రాంతం, వెళ్లేముందు డాక్టర్‌తో మాట్లాడకుండా బయలుదేరొద్దు. సొరోంగ్‌లోనో వైసాయ్‌లోనో రూపియాలు నగదుగా తీసుకోవాలి, దీవుల్లో కార్డు గీకే చోటు లేదు. ప్రవేశ రుసుము కట్టి పర్మిట్ తీసుకోవాలి. 2010లోనే ఇక్కడి ప్రభుత్వం షార్కుల వేటను నిషేధించింది, కాపలా పడవలు తిరగాలంటే డబ్బు కావాలి కదా. కొన్ని ఊళ్లు 'సాసి' పేరుతో సముద్రంలో ఒక భాగాన్ని కొన్నాళ్లు మూసేస్తాయి. అక్కడ దిగే ముందు అడగాలి.

ఖర్చు లెక్క ఇక్కడ తమాషాగా ఉంటుంది. బస, భోజనం మనిషికింత అని చవకే. జేబు ఖాళీ చేసేది పడవ పెట్రోలు. పడవ అద్దె మనుషుల్ని బట్టి కాదు, ట్రిప్పును బట్టి. ఇద్దరే వెళ్తే ప్యానెమో కొండ చూసిరావడం కూడా భారమే, ఎనిమిది మంది పంచుకుంటే తేలిక. మూడింటిలో గుంపు పెద్దదైనకొద్దీ తలసరి ఖర్చు బాగా తగ్గేది ఇదే. ఎనిమిది దాటితే మాత్రం రెండో పడవ కావాలి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇంకా ఉత్తరాన ఉన్న వాయగ్ దీవుల కోసం పట్టుబట్టకండి. క్రి నుంచి పోయిరావడానికి ఒక రోజంతా పడుతుంది, పెట్రోలు తాగుతుంది. అంత మక్కువ ఉంటే అక్కడికీ, దక్షిణాన మిసోల్‌కీ లివ్‌అబోర్డ్ ఎక్కడమే నయం.

ఎవరికి ఏది

అందరూ స్కూబాలో చేయి తిరిగినవాళ్లే అయితే తుబ్బతహా. ఇందులో నాకు అనుమానం లేదు. ఒక్కరు తక్కువైనా వద్దు. 'అతను సర్దుకుంటాడులే' అనే మాట ఆ ఒక్కరే చెప్పాలి, మిగతావాళ్లు చెప్పకూడదు.

ఎవరికీ స్కూబా రాదు, వయసులో కుర్రాళ్లు, నిద్ర ఎక్కడైనా పడుతుంది, సెలవు వారమే ఉంది అంటే పలవాన్ బంకా. పగడం కోసం కాక ఒకరి కోసం ఒకరు వెళ్లే ట్రిప్ అది. రోజంతా ఎండలో, చిన్న పడవ మీద. అలలకు కడుపులో తిప్పేవాళ్లుంటే మాత్రం ముందే మాత్రలు వేసుకోవాలి, లేదా ఈ ఆలోచన మానుకోవాలి.

నిజానికి చాలా గ్యాంగులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. ఇద్దరు ముగ్గురు స్కూబా పిచ్చివాళ్లు, నలుగురు స్నార్కెలింగ్ వాళ్లు, ఒకరిద్దరు ఒడ్డునే కూర్చుంటాననేవాళ్లు. వాళ్లకు నేను రాజా అంపట్ హోమ్‌స్టే తప్ప వేరేది చెప్పను. ఎవరి పని వారు చేసుకుని మధ్యాహ్నానికి అందరూ ఒకే జెట్టీ మీదకు చేరగలిగే చోటు ఈ మూడింటిలో అదొక్కటే. సెలవు మాత్రం పది రోజులకు తగ్గకూడదు, రానూపోనూ దారికే మూడు నాలుగు రోజులు పోతాయి. డైవ్ చేసిన వెంటనే విమానమెక్కడం ఒంటికి ప్రమాదం, చివరి డైవ్‌కి, విమానానికి మధ్య ఎలాగూ ఒక రోజు ఎడం ఉంచాలి కాబట్టి ఆ రోజును పక్షుల కొండకు పెట్టుకోవచ్చు.

ఇంతా చేసి సెలవులు కుదిరే నెల మీదే తేలిపోయేవీ ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి అయితే రాజా అంపట్. ఏప్రిల్, మే అయితే పలవాన్ వైపు, అక్కడ స్కూబా లెక్క చూసుకుని తుబ్బతహానో బంకానో. జూలై, ఆగస్టులే దొరుకుతాయంటే మూడూ వాయిదా వేయండి. ఆ నెలల్లో రాజా అంపట్‌లో గాలి ఎక్కువ, అక్కడి లివ్‌అబోర్డ్‌లు చాలావరకు ఇండోనేసియాలోనే ఉన్న కొమొడో దీవుల వైపు తరలిపోతాయి. పలవాన్‌లో వానలు. తుబ్బతహాకు పడవే బయలుదేరదు.