డర్ట్ ట్రాక్ రేసులకి ఆర్వీ అద్దెకు తీసుకుంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్, డేటన్, సిన్సినాటి చుట్టుపక్కల ఉండే మన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జులైలో ఎల్డోరా స్పీడ్‌వే అనే మట్టి ట్రాక్‌లో జరిగే స్ప్రింట్ కార్ల రేసు కింగ్స్ రాయల్ చూడ్డానికి ఆర్వీ (లోపలే పడకలు, ఫ్రిజ్, సింకు ఉండే ఇల్లులాంటి పెద్ద బండి) వేసుకుని కుటుంబంతో వెళ్దామనుకునేవాళ్లు తప్పకుండా చదవండి. పోయినేడాది మేం అలాగే వెళ్లి నాలుగు రాత్రులు ఉన్నాం. రేసులు కళ్లు తిప్పుకోనివ్వలేదు. కానీ అద్దెకు తెచ్చిన ఆర్వీ పుణ్యాన 1500 డాలర్ల డిపాజిట్‌లో 1250 డాలర్లు పోయాయి. ఇందులో నేను చూసుకోవాల్సింది ఎంత, ఓనర్ చేసిన అన్యాయం ఎంత, రెండూ చెప్తాను.

ముందు స్ప్రింట్ కార్ల సంగతి. తెలియనివాళ్లకి మట్టి సమస్య ఎందుకొస్తుందో అర్థం కాదు. ఇవి పైన పెద్ద రెక్క ఉన్న చిన్న బండ్లు. బరువు దాదాపు 1400 పౌండ్లు, ఇంజన్ మాత్రం 410 క్యూబిక్ అంగుళాల వీ8, దగ్గర దగ్గర 900 హార్స్ పవర్. మిథనాల్ మీద నడుస్తాయి. స్టార్టర్ ఉండదు, వెనక నుంచి ట్రక్కుతో తోసి స్టార్ట్ చేస్తారు. ఎల్డోరా అర మైలు బంకమట్టి ట్రాక్, మలుపులు బాగా ఏటవాలుగా ఉంటాయి. 1954లో ఎర్ల్ బాల్టెస్ మొదలుపెట్టిన ఈ ట్రాక్‌ని 2004లో రేసర్ టోనీ స్టీవర్ట్ కొన్నాడు. 1978 నుంచి నడుస్తున్న స్ప్రింట్ కార్ల రేసుల సిరీస్ వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ వెనకే ఊరూరా తిరిగే అభిమానులు చాలామంది ఇక్కడ ట్రాక్ పక్కనే పొలాల్లో మకాం వేస్తారు. ఒంగోలు నుంచి వచ్చిన మా మామయ్య మొదటి సాయంత్రం ఆ గుడారాలు, పొయ్యిలు, జెండాలు చూసి, "అచ్చం మన తిరనాళ్లలాగే ఉంది అల్లుడూ, ఎడ్ల పందేలు ఒక్కటే తక్కువ" అన్నారు. గెలిచినవాడికి కిరీటం పెట్టి, రాజు వస్త్రాలు కప్పి సింహాసనం మీద కూర్చోబెడతారు. అది చూసి పిల్లల కన్నా ఆయనే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

ఇక మట్టి. రేసుకి ముందు నీళ్ల ట్యాంకర్లతో ట్రాక్‌ని బాగా తడుపుతారు. ఆ తడి మీద కార్లే తిరిగి మట్టిని అణగదొక్కుతాయి. మొదట్లో తడి గడ్డలు ఎగిరొచ్చి మీద పడతాయి. రాత్రి గడిచేకొద్దీ ట్రాక్ ఎండి నున్నగా మెరుస్తుంది. ఆఖరి రేసు, అంటే ఎ-మెయిన్ టైముకి, దుమ్ము పిండిలా లేస్తుంది. గాలి మీ వైపు ఉంటే ఆ దుమ్మంతా మీ క్యాంపు మీదే. పొద్దున లేచి చూస్తే డ్యాష్‌బోర్డ్ మీద వేలితో పేరు రాయొచ్చు. కిటికీలు మూసినా వస్తుంది, తలుపు అంచుల్లోంచి వస్తుంది, రూఫ్ మీది ఏసీలోంచి వస్తుంది.

నేను ఆర్వీ ఒక యాప్‌లో, ఒక ప్రైవేటు ఓనర్ దగ్గర తీసుకున్నాను. ఆయన పేరూ, యాప్ పేరూ ఇక్కడ రాయను. 29 అడుగుల బండి, చూడ్డానికి బాగానే ఉంది. బుక్ చేసేముందు ఫోన్‌లో, "రేస్ ట్రాక్ దగ్గర క్యాంపింగ్, మట్టి ట్రాక్, దుమ్ము ఉంటుంది" అని స్పష్టంగా చెప్పాను. ఏం పర్లేదు, ఇంతకుముందు చాలామంది తీసుకెళ్లారన్నాడు. ఆ మాట నమ్మి కాంట్రాక్టు 14 పేజీలూ పైపైన చూసి సంతకం పెట్టేశాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. తొమ్మిదో పేజీలో, తారు రోడ్డు కాని చోట బండి నడిపితే 500 డాలర్ల పెనాల్టీ అని ఉంది. మా స్పాట్ గడ్డి పొలంలో ఉంది, కంకర దారి మీదుగా వెళ్లాలి. అక్కడికి వెళ్లేవాళ్లెవరైనా ఆ షరతు తప్పాల్సిందే. ఇలాంటి షరతులు చాలా కాంట్రాక్టుల్లో ఉంటాయని తర్వాత తెలిసింది. నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్‌కి తీసుకెళ్లకూడదని పేరు పెట్టి రాసేవాళ్లు కూడా ఉన్నారు, కారణం ఆ దుమ్మే.

మొదటి రాత్రి ఏసీ ఎంతసేపు నడిచినా లోపల చల్లబడలేదు. సీలింగ్‌కి ఉన్న ప్లాస్టిక్ మూత తీసి చూశాను. ఫిల్టర్ కంబళి ముక్కలా ఉంది. కుక్క వెంట్రుకలు, బూడిదరంగు దుమ్ము అట్టలు కట్టి, చేత్తో లాగితే ఒక్క ముద్దగా ఊడొచ్చింది. మాకు కుక్క లేదు. మేం వచ్చి అప్పటికి అయిదు గంటలే. పిల్లలకి ఉక్కపోస్తోందని హడావిడిగా సింకులో కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టేశాను. ఫోటో తీయలేదు. ఆ ఒక్క ఫోటో ఉండుంటే నాకు 280 డాలర్లు మిగిలేవి. ఇది చదివే ప్రతి ఒక్కరూ బండి తీసుకున్న నిమిషంలోనే ఆ మూత తీయించి ఫోటో తీయండి.

రెండో రాత్రి ఒంటిగంటన్నరకి జనరేటర్ ఆగిపోయింది. మా స్పాట్‌కి కరెంటు లేదు. ఎంత స్టార్ట్ చేసినా ఆన్ కాలేదు. ఏసీ పోయింది, ఫ్రిజ్ లైటు ఆరిపోయింది. అందులో మామయ్య కొత్త ఇన్సులిన్ పెన్నులున్నాయి. ఓనర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క క్యాంపులో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా టార్చి వెలుగు చూసి లేచొచ్చాడు. పెట్రోల్ ముల్లు చూసి, పావు ట్యాంకుకి దిగింది కాబట్టి ఆగిందన్నాడు. బండి నడపడానికి పెట్రోల్ మిగలాలని జనరేటర్ గొట్టాన్ని ట్యాంకులో అంత ఎత్తులోనే పెడతారట. తర్వాత ఫ్రిజ్ ముందున్న బటన్ నొక్కి ప్రొపేన్ గ్యాస్‌కి మార్చాడు. ఈ ఫ్రిజ్‌లు కరెంటు మీదా, గ్యాస్ మీదా నడుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. వెళ్తూ వెళ్తూ తన ఐస్ బాక్సులోంచి రెండు సంచుల ఐసు కూడా ఇచ్చాడు. బండి అప్పగించేటప్పుడు ఈ రెండు ముక్కలూ చెప్పడం ఓనర్ బాధ్యత. ఆయన తాళాలు చేతిలో పెట్టి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా భయపెట్టింది ఇంకొకటి. ఆ పెద్దాయనే కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ నొక్కమన్నాడు. నొక్కితే చప్పుడు లేదు. తీసి వెనక చూస్తే గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఇలాంటి చోట ఆర్వీలు పక్కపక్కనే ఉంటాయి, మన జనరేటర్ పొగే కాదు, పక్కవాళ్లది కూడా మన కిటికీలోకి రావచ్చు. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు. ముందు రాత్రి నా ఇద్దరు పిల్లలు ఆ బండిలోనే నిద్రపోయారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి బ్యాటరీతో నడిచే అలారం ఒకటి కొని తెచ్చాను. మీరు ఇంటి నుంచే ఒకటి తీసుకెళ్లండి.

బండి తిరిగి ఇచ్చేముందు లోపల నేనూ మా ఆవిడా మూడు గంటలు తుడిచాం, బయట కార్ వాష్‌లో కడిగించాం. పది రోజుల తర్వాత బిల్లు వచ్చింది. క్లీనింగ్ 375, జనరేటర్ అదనపు గంటలు 95, ఏసీ శుభ్రం చేసినందుకు 280, కంకర దారి పెనాల్టీ 500. జనరేటర్ డబ్బు మాత్రం న్యాయమే, మీటరు చూసి లెక్క వేశారు. మిగతా మూడూ అన్యాయం. యాప్‌కి ఫిర్యాదు చేస్తే, ఓనర్ అనుమతి ఇచ్చినట్టు రాతలో చూపించమన్నారు. నా దగ్గర ఉన్నది ఫోన్‌లో చెప్పిన మాట. క్రెడిట్ కార్డు వాళ్లు కూడా సంతకం ఉంది కాబట్టి ఏమీ చేయలేమన్నారు. అలారం సంగతి కూడా యాప్‌కి ఫోటోతో సహా పంపాను. ఆ బండి ఇప్పటికీ అద్దెకు తిరుగుతూనే ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సిరీస్ వెంట ఒకటి కన్నా ఎక్కువ ట్రాకులు తిరుగుదామనుకునేవాళ్లు మైళ్ల లెక్క కూడా చూసుకోవాలి. మా కాంట్రాక్టులో రోజుకి 100 మైళ్లే ఉచితం. ఎల్డోరాకి మాకు సరిపోయింది. అదే బండితో ఆగస్టులో అయోవాలో జరిగే స్ప్రింట్ కార్ల పోటీ నాక్స్‌విల్ నేషనల్స్‌కి వెళ్లుంటే కొలంబస్ నుంచి ఒక వైపే ఆరు వందల మైళ్ల పైన. 1961 నుంచి జరుగుతున్న ఆ పోటీ చూడకుండా ఉండలేక మేం ఆగస్టులో మా సొంత కారులో, టెంటు వేసుకుని వెళ్లాం. మామయ్యని హోటల్లో ఉంచాం. టెంటుని ఇంటికొచ్చాక పెరట్లో పైపుతో కడిగితే సరిపోయింది.

ఆర్వీయే కావాలనుకుంటే, డబ్బు కట్టకముందే యాప్‌లోని మెసేజ్‌లో ఓనర్‌కి ఇలా రాయండి. ఫలానా తేదీల్లో ఫలానా మట్టి రేస్ ట్రాక్ దగ్గర, గడ్డి పొలంలో, కరెంటు లేని స్పాట్‌లో ఉంటాం. కంకర దారి మీద నడుపుతాం. లోపలికి దుమ్ము వస్తుంది. దీనికి మీరు ఒప్పుకుంటున్నారా, క్లీనింగ్‌కి గరిష్ఠంగా ఎంత తీసుకుంటారు, జనరేటర్ రోజుకి ఎన్ని గంటలు ఉచితం, కార్బన్ మోనాక్సైడ్ అలారం గడువు తేదీ ఎంత? జవాబు కూడా అక్కడే, రాతలోనే రావాలి. ఫోన్ చేసి మాట్లాడదాం అంటే, మాట్లాడిన వెంటనే ఆ మాటలన్నీ మళ్లీ మెసేజ్‌లో పెట్టి, అవునా అని అడగండి. అవునని రాయని ఓనర్‌ని వదిలేసి ఇంకో బండి చూసుకోండి. జులైకి బండ్లు తొందరగా అయిపోతాయి కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.