22 నంబరు చీలిక సాకెట్: మూడేళ్లు వాడాక

పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్‌ను విప్పడానికి, ఒక్క బండి కోసం కొన్న సాకెట్ ఇది. ఇప్పటికి ఐదు బండ్లకు వాడాను. నాలుగింటికి వంక పెట్టడానికి లేదు. మిగిలిన ఒక్కటి మా బావ బండి. అసలు ఇది రాయడానికి కారణం అదే.

మాది అనంతపురం. నా 2012 మోడల్ పెట్రోల్ కారుకు వెనక సైలెన్సర్ చిల్లు పడింది. మళ్లీ అదే వేయించడం ఎందుకని కాస్త లావు పైపుతో స్టెయిన్‌లెస్ స్టీల్ సెట్టు తెప్పించాను. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి మాత్రం పోలేదు. అది పీకేస్తే పొల్యూషన్ టెస్టులో దొరికిపోతాం, చట్టమూ ఒప్పుకోదు. చిక్కల్లా వెనక ఆక్సిజన్ సెన్సార్‌తో. అది పాత పైపుకే బిగించి ఉంది, విప్పి కొత్తదానికి వేయాలి. ముందు సెన్సార్ కూడా లక్ష కిలోమీటర్లు దాటింది కాబట్టి పనిలో పనిగా దాన్నీ మార్చేద్దామనుకున్నా. గాలి, పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో ఇంజన్‌కు చెప్పేది ముందుదే. వెనకది కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది.

సెన్సార్ తల 22 మిల్లీమీటర్లు. నడినెత్తి నుంచి పిలకలా వైరు వస్తుంది కాబట్టి మామూలు సాకెట్ ఎక్కదు. ఈ సాకెట్‌కు పక్కన నిలువునా చీలిక ఉంటుంది, వైరు అందులోంచి బయటికి వచ్చేస్తుంది. అంతే దీని గొప్పతనం. దీని బలహీనత కూడా ఆ చీలికే అని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజు ఆదివారం పొద్దున్నే బండి స్టాండ్ల మీద ఎక్కించి కింద దూరాను. (ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందికి పోకండి.) వెనక సెన్సార్ ప్లగ్గు ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. చివరికి ముందు సీటు కింద, కార్పెట్ అడుగున దొరికింది. ప్లగ్గు పీకకుండా సెన్సార్ తిప్పితే దానితోపాటే వైరూ మెలి తిరిగి తెగుతుంది. సాకెట్ పెట్టి రాట్చెట్ (సాకెట్‌ను తిప్పే పిడి) మీద వేలాడినా సెన్సార్ కదల్లేదు. మా వీధి చివర షెడ్డు పెద్దాయన పాల ప్యాకెట్‌తో పోతూ చూసి, "ఏమప్పా, సల్లని ఇంజన్ మీద కుస్తీ పడతాండావే. టవర్ క్లాక్ దంకా పోయి రాపో" అన్నాడు.

వేడెక్కితే పట్టు వదులుతుందని ఆయన మాట. మళ్లీ అన్నీ దించి, ప్లగ్గు పెట్టి, పోయొచ్చాను. పది నిమిషాలు ఆగి, తోలు గ్లోవ్స్ వేసుకుని పట్టాను. 'టక్' మని ఒక్క శబ్దం. ఆ తర్వాత చేత్తోనే తిరిగింది. తుప్పు వదిలే స్ప్రే ముందు రాత్రే కొట్టి ఉంచితే ఇంకా సులువు. నేను ఆ పని రెండో బండి నుంచి మొదలుపెట్టా.

బిగించేటప్పుడు మరల మీద, అవి పట్టేయకుండా ఉండటానికి, యాంటీ సీజ్ పేస్టు పల్చగా రాయాలి. కొత్త సెన్సార్లకు చాలావరకు కంపెనీయే రాసి ఇస్తుంది, అలాంటప్పుడు మళ్లీ అక్కర్లేదు. రంధ్రాలున్న కొసకు మాత్రం అది అంటకూడదు. సిలికాన్ సీలెంట్ అయితే పైపు దరిదాపుల్లోకే రానివ్వొద్దు. దాని ఆవిరికే సెన్సార్ పాడవుతుంది.

ఇక బావ బండి. ఆరేళ్లు కాకినాడలో తిరిగింది. మన అనంతపురం ఎండకు బండ్లు రంగు వెలుస్తాయే గానీ ఇంతగా తుప్పు పట్టవు. అక్కడి ఉప్పుగాలికి ఆ సెన్సార్ మెడ చుట్టూ ఎర్రటి పొరలు లేచి ఉన్నాయి. రెండు రాత్రులు స్ప్రే కొట్టాను, బండి వేడి చేశాను, రాట్చెట్‌కు మూడడుగుల పైపు తొడిగి తోశాను. సెన్సార్ కదల్లేదు గానీ సాకెట్ చీలిక నోరు తెరిచింది. ఒక్కసారిగా జారి, సెన్సార్ తల మూలలు అరిగాయి. నా వేళ్ల కణుపులు ఛాసిస్‌కు కొట్టుకున్నాయి. "నువ్వు చేస్తానన్నావనే కదా తెచ్చాను" అని బావ ఒకటే నస.

ఎలాగూ కొత్త సెన్సార్ తెచ్చాం కాబట్టి వైరు కత్తిరించి, 22 నంబరు రింగ్ పానా నెత్తిన దిగేసి సుత్తితో కొట్టాను. రింగ్‌కు చీలిక ఉండదు కాబట్టి నోరు తెరవదు. వచ్చింది, కాకపోతే పైపులోని మరలను కూడా కొంత ఊడ్చుకుని వచ్చింది. పైపు విప్పి లేత్ షెడ్డుకు తీసుకెళ్లి 18 మిల్లీమీటర్లు, ఒకటిన్నర పిచ్ ట్యాప్ వేయించి మరలు మళ్లీ కోయించాల్సి వచ్చింది. పారేసే సెన్సారే అయితే ఈ సాకెట్‌తో కుస్తీ వద్దు, నేరుగా వైరు కోసి రింగ్ పానా పెట్టండి. మళ్లీ వాడుకోవాల్సిన సెన్సార్‌కే ఈ సాకెట్.

ఆ కంగారులో ఇంకో తప్పు చేశాను. కొత్త వైరును క్లిప్పులో పెట్టడం మరిచిపోయా. వారానికి ఇంజన్ లైటు వెలిగింది. తప్పుల కోడ్ చదివే రీడర్ పెడితే పీ0141 అని వచ్చింది, అంటే వెనక సెన్సార్ హీటర్ సర్క్యూట్. కింద చూస్తే వైరు పైపుకు ఆనుకుని తొడుగు కరిగిపోయి ఉంది. ఆ రెండో సెన్సార్ డబ్బులు నావే.

సైలెన్సర్ ఎలా ఉందని అడుగుతారేమో. శబ్దం బొంగురుగా, బాగుంది. పికప్‌లో తేడా నాకైతే తెలియలేదు, మైలేజీ మారలేదు. సాకెట్ నోరు ఇప్పటికీ కొద్దిగా తెరుచుకునే ఉంది. మొన్న పక్కింటి వాళ్ల బండికి వాడితే పట్టింది, జారలేదు.