‘ప్లగిన్లతో సహా డీఎస్పీ బాక్స్, అర్జెంట్ సేల్’ అని కనిపిస్తే కాస్త ఆగండి

ఇంట్లోనే చిన్న సెటప్ పెట్టుకుని మిక్సింగ్ చేసే మిత్రుల కోసం ఇది రాస్తున్నా. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో డీఎస్పీ బాక్సులు చూసి చెయ్యి దురదపెడుతున్న వాళ్లు మాత్రం తప్పకుండా చదవండి. డీఎస్పీ అంటే దేవిశ్రీ కాదు, పోలీసాయన అంతకన్నా కాదు. ప్లగిన్ల (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఎఫెక్టుల) లెక్కలు కంప్యూటర్ ప్రాసెసర్ మీద పడకుండా తన సొంత చిప్‌ల మీద నడిపే పెట్టె. లోపల బిగించే కార్డులూ ఉన్నాయి, వైరుతో బయట తగిలించేవీ ఉన్నాయి. నేను బయట తగిలించేది కొన్నాను, 58 వేలు పెట్టి. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే తయారు చేసినవాళ్ల తప్పు ఇందులో లేదు. సగం తప్పు అమ్మినవాడిది, మిగతా సగం నాది.

దసరాకి నెల ముందు ఒక జానపద పాట మిక్సింగ్‌కి వచ్చింది. 70 పైచిలుకు ట్రాకులు, అందులో డప్పులే పద్నాలుగు. ప్లే నొక్కితే మొదటి చరణం దాకా బాగానే ఉంటుంది, రెండో చరణంలో కోరస్ ఎత్తుకోగానే కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. బఫర్, అంటే కంప్యూటర్ సౌండ్‌ని ముందుగా పోగు చేసుకునే మోతాదు, పెంచినా అంతే. తెలిసిన కీబోర్డ్ ప్లేయర్ ఒకాయన వచ్చి విని, ‘‘సిస్టమ్ మీద లోడ్ ఎక్కువైందన్నా, ఒక డీఎస్పీ బాక్స్ పెట్టుకో, ఇంక చూసుకోనక్కర్లే’’ అన్నాడు. ఆ మాట నేను వినాలనుకున్న మాటే. కొత్త వస్తువు కొనమంటే ఎవరికి చేదు?

మూడో రోజే ప్రకటన కనిపించింది. అమ్మే అతని ఇంటికి వెళ్లాను. పూల టేబుల్ క్లాత్ మీద బాక్స్, దాని మూతమీద నిరుటి ఆయుధపూజ కుంకుమ బొట్టు ఎండి చెక్కు కట్టి ఉంది. ఎంత భక్తిగా చూసుకున్నాడో అనుకున్నా. లాప్‌టాప్‌లో ఒక్కొక్క ప్లగిన్ తెరిచి చూపించాడు. సౌండ్ హెచ్చుతగ్గుల్ని సర్దే పాతకాలపు కంప్రెసర్లు, టేపు మిషన్లు, గొంతుకి హాలులో పాడినట్టు మోత ఇచ్చే ప్లేట్ రివర్బ్, ముళ్లు ఊగే మీటర్లు. ఆ బొమ్మలు చూస్తుంటే నోరూరింది. వాటి పక్కన చిన్న అక్షరాల్లో ‘డెమో’ అని, అంటే కొన్నాళ్లు వాడి చూడ్డానికే అని, ఉన్న సంగతి నా కంటపడలేదు.

ఇంటికొచ్చి తగిలిస్తే బాక్స్ వేరే ఖాతాలో రిజిస్టర్ అయి ఉంది అంది. ఫోన్ చేస్తే ‘‘ట్రాన్స్‌ఫర్ పెడతా బ్రో, రేపు’’. ఆ రేపు మూడు వారాలు సాగింది. మధ్యలో తేలిందేమిటంటే అతను కూడా ఇంకొకరి దగ్గర కొన్నవాడే, మొదటి ఓనర్ దుబాయ్‌లో ఉన్నాడు. కంపెనీ సపోర్ట్‌కి మెయిళ్లు రాసి, ఆ దుబాయ్ ఆయన్ని పట్టుకుని బతిమాలి, చివరికి బాక్స్‌ని నా పేరు మీదికి తెచ్చుకున్నా. ప్లగిన్లు మాత్రం రాలేదు. నాకు చూపించినవాటిలో అతనికి సొంతంగా ఉన్నవి బాక్స్‌తో పాటు వచ్చే మామూలువి నాలుగే.

కాబట్టి ఎవరైనా ‘ప్లగిన్లతో సహా’ అంటే, వాళ్ల ఎదురుగానే కంపెనీ సైట్‌లో వాళ్ల ఖాతా తెరిపించండి. బాక్స్ కింద ఉన్న సీరియల్ నంబరూ తెరమీద నంబరూ అంకె అంకె కలపండి. కొన్న ప్లగిన్ల జాబితా అక్కడే ఫొటో తీసుకోండి. ఆ లైసెన్సులు చేతులు మారడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో నిబంధనల్లో ముందే చదవండి. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, బాక్స్ మీ ఖాతాలోకి వచ్చాకే మిగతా డబ్బు. ‘నమ్మకం లేదా అన్నా?’ అని మొహం మాడ్చుకుంటే, లేదనే చెప్పండి.

వైరు గోల ఇంకొకటి. నా బాక్స్ ఫైర్‌వైర్ అనే పాతకాలపు కనెక్షన్‌ది. ఇప్పటి కంప్యూటర్లలో ఆ పోర్టే ఉండదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో షాపు షాపూ తిరిగి ఒక కార్డు తెచ్చి బిగించాను. దాని మీద వయా అనే కంపెనీ చిప్ ఉంది. పది నిమిషాలకోసారి బాక్స్ మాయమయ్యేది. ఆడియోకి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డే కావాలని పాతవాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నదే, నాకు తెలిసేసరికి రెండో కార్డు కొనాల్సి వచ్చింది. కొత్త మ్యాక్ ఓఎస్ వాడేవాళ్లకి ఆ దారి కూడా లేదు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో యాపిల్ ఫైర్‌వైర్‌ని పూర్తిగా తీసేసింది. థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టుకి తగిలించే బాక్స్ అయితే మీ విండోస్ మదర్‌బోర్డులో ఆ పోర్టు ఉందా అన్నది ముందు చూసుకోవాలి. యూఎస్‌బీ-సీ రంధ్రం కనిపించినంత మాత్రాన అది థండర్‌బోల్ట్ కాదు.

సరే, ఇవన్నీ దాటాక, డెమో గడువు ఉండగానే ఆ జానపద పాట తెరిచాను. కంప్రెసర్లు, రివర్బులు అన్నీ బాక్స్ మీదికి మార్చాను. ప్లే నొక్కాను. రెండో చరణం, కోరస్, చిటపట.

అదే ఆవాల పోపు. కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు చేశాను, మొదటి రోజే చేయాల్సిన పని. లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ ఉంది, విండోస్‌లో ఏ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఆడియోకి అడ్డం పడుతోందో చూపిస్తుంది. పది నిమిషాలు నడపగానే వైఫై డ్రైవర్ ఎర్రగా పైకొచ్చింది. వైఫై ఆపేశాను. ముప్పాతిక చిటపట పోయింది. 58 వేల బాక్స్ చేయలేని పని ఒక్క క్లిక్ చేసింది. మిగిలిన పావు కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిచే శాంపిల్ (ముందే రికార్డ్ చేసి పెట్టిన) వాయిద్యాలది. షెహనాయ్, తీగ వాయిద్యాల లైబ్రరీలు పాత హార్డ్ డిస్క్ నుంచి చదువుతున్నాయి, 16 జీబీ ర్యామ్ నిండిపోతోంది. లైబ్రరీలని ఎస్‌ఎస్‌డీకి మార్చి, ర్యామ్ 32 చేసి, ట్యూనింగ్ అయిపోయిన గొంతులన్నీ ఫ్రీజ్ చేశాక, అంటే ఎఫెక్టులతో సహా మామూలు ఆడియోగా మార్చేశాక, పాట ఆగకుండా ఆడింది. ఖర్చు బాక్స్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

ఎవరూ చెప్పని అసలు సంగతి ఇదే. డీఎస్పీ బాక్స్ మీ కంప్యూటర్‌కి రెండో ప్రాసెసర్ కాదు. దానికోసం ప్రత్యేకంగా రాసిన ప్లగిన్లే దాని మీద నడుస్తాయి. మీ దగ్గరున్న ఈక్యూలు, గొంతు శ్రుతి సరిచేసే మెలొడైన్, కాంటాక్ట్, సింథులు, వీటిలో ఒక్కటీ దాని గడప తొక్కదు. పైగా అందులోని చిప్‌లు ఎన్నో అన్నే. నా దాంట్లో ఒక్క టేపు ప్లగిన్ స్టీరియోలో పెడితే ఒక చిప్‌లో సగానికి సగం తినేసింది.

ఆలస్యం కూడా లెక్కలోకి తీసుకోండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్ల బఫర్ అంటే 10.7 మిల్లీసెకన్లు. సౌండ్ ఆ డీఎస్పీ పెట్టె దాకా వెళ్లి రావాలి, అదంతా అదనం. వరసగా మూడు ప్లగిన్లు పెడితే నా దాంట్లో మూడుసార్లు వెళ్లొచ్చింది. మిక్సింగ్‌లో సాఫ్ట్‌వేర్ దాన్ని సర్దేస్తుంది, తెలియదు. కీబోర్డ్ వాయిస్తూ రికార్డ్ చేస్తే మాత్రం వేలు ముందు, సౌండ్ వెనక.

అలాగని డీఎస్పీ అంటేనే దండగ అనను. మైకు, హెడ్‌ఫోన్ తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ లోపలే డీఎస్పీ ఉంటే అది వేరే కథ. సింగర్ గొంతు కంప్యూటర్‌లోకి పోయి రాకుండా అక్కడికక్కడే కంప్రెసర్, రివర్బ్ పడి హెడ్‌ఫోన్‌లోకి వెళ్తుంది. రివర్బ్ లేకపోతే పాడలేని సింగర్లు మనలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. రోజూ గొంతులు రికార్డ్ చేసేవాళ్లకి దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. నేను మాట్లాడేది కేవలం మిక్సింగ్ కోసం, ‘సిస్టమ్ భారం తగ్గుద్ది’ అని కొనే వాటి గురించి.

పాత కార్డులకి పట్టిన గతి కూడా ఒకసారి చూడండి. టీసీ ఎలక్ట్రానిక్ కంపెనీ డీఎస్పీ పవర్‌కోర్‌ని 2011లో ఆపేశారు. లక్షలు పోసి కొన్న, ప్రోటూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తాలూకు టీడీఎం డీఎస్పీ కార్డులు 2013లో ప్రోటూల్స్ 11 రాగానే కొత్త సాఫ్ట్‌వేర్‌కి అక్కరకు రాకుండా పోయాయి. కార్డు ఉంటే తప్ప నడవవని పేరున్న యూనివర్సల్ ఆడియో ప్లగిన్లలో చాలా వాటిని 2022 నుంచి ఏ పెట్టే లేకుండా కంప్యూటర్ మీదే నడిచేలా ఆ కంపెనీయే ఇస్తోంది. అలాంటప్పుడు పదేళ్ల నాటి చిప్‌లకి ఇప్పుడు అంత ధర పెట్టడం ఎందుకో నాకైతే అర్థం కావట్లేదు. నేనే పెట్టాననుకోండి, అది వేరే సంగతి.

ఆ అమ్మినవాడు నా నంబర్ బ్లాక్ చేశాడు. మొన్న ఆదివారం ఇంకో ప్రకటన చూశాను, పేరు వేరు. ఈసారి లోపల బిగించే కార్డు, 40 వేలు, ‘ప్లగిన్లతో సహా’. ఫొటోలో మాత్రం అదే పూల టేబుల్ క్లాత్, అదే లాప్‌టాప్, తెరమీద ముళ్లు ఊగే అవే మీటర్లు. హైదరాబాద్‌లో ఎవరైనా దానికోసం బేరం ఆడుతుంటే, అడ్వాన్స్ పంపే ముందు ఆ ఫొటో పెద్దది చేసి ప్లగిన్ల పక్కన ఏం రాసుందో చూడండి.