స్కాట్లాండ్ వెళ్లే మనవాళ్లూ జాగ్రత్త: తాలింపు వాసనకి మా డిపాజిట్ 300 పౌండ్లు పోయింది

స్కాట్లాండ్‌లో వారం సెలవులు గడిపి శనివారం రాత్రి మాంచెస్టర్‌లో మా ఇంటికి చేరాం. నిన్న పొద్దున, అక్కడ మేం దిగిన ఇంటి యజమానురాలి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామనుకుంటే తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

అమ్మా నాన్నా బాపట్ల నుంచి వచ్చి రెండు నెలలైంది. బయట తిండి వాళ్లకి పడదు, అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టదు. అందుకే హోటల్ కాకుండా మన వంట మనం చేసుకునే సెల్ఫ్ కేటరింగ్ ఇల్లు వెతికాను. మీరందరూ బుక్ చేసే ఆ సైట్‌లోనే దొరికింది. స్కాట్లాండ్ పడమటి తీరంలో అరిసైగ్, మోరార్ అనే ఊళ్ల మధ్య, కిటికీలోంచి సముద్రం కనబడే రెండు బెడ్‌రూముల ఇల్లు. వారానికి 1,150 పౌండ్లు. వివరాలడిగితే ఆవిడ ఫోన్ నంబరు ఇచ్చి, సైట్ వద్దు, నేరుగా నాకే కట్టేస్తే పది శాతం తగ్గిస్తానంది. అంటే 1,035, పైన డిపాజిట్ 300. అంతా బ్యాంకు ట్రాన్స్‌ఫర్. మా ఆయన వద్దంటూనే ఉన్నాడు. 115 పౌండ్లు మిగులుతాయని పట్టుబట్టింది నేనే. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు, అదే నాకు ఇంకా బాధగా ఉంది.

డబ్బు కట్టేముందు ఒకటి మాత్రం అడిగాను. "మేం ఇండియన్స్, పెద్దవాళ్లున్నారు, రోజూ రెండు పూటలా వంట చేస్తాం, మీకేమైనా అభ్యంతరమా?" అని. "వంటిల్లు ఉన్నది అందుకే కదా, మీ ఇష్టం వచ్చినట్టు వండుకోండి" అని జవాబిచ్చింది. పక్కన నవ్వు బొమ్మ కూడా. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

చోటు గురించి అబద్ధం చెప్పను. గ్లెన్‌కో లోయ దాటుతుంటే నాన్న కారు ఆపించి మరీ దిగారు. గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానుల వంతెన మీద ఆవిరి రైలు పోతుంటే అమ్మ చిన్నపిల్లలా చెయ్యి ఊపింది. కామస్‌డారాక్ బీచ్‌లో ఇసుక పిండారబోసినట్టు తెల్లగా ఉంది, ఎదురుగా సముద్రంలో ఎగ్, రమ్ దీవులు. సూర్యలంక ఇసుకలో పెరిగిన మనిషి మా నాన్న. ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా నీళ్లలో దిగి, "చలికి ఎముకలు కొరుకుతున్నాయే, కానీ అడుగున గవ్వ కూడా కనబడుతోంది చూడు" అన్నారు. ఆ మూడు రోజులూ మేం ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను. అందుకే తర్వాత జరిగింది ఇంతగా కోసేస్తోంది.

ఆ పడమటి తీరంలో ఎండాకాలమంతా మిడ్జెస్ అనే పురుగులుంటాయి. కంటికి సరిగ్గా ఆనవు, మన దోమలకంటే చాలా చిన్నవి. గాలి వీస్తున్నంతసేపూ కనబడవు. గాలి పడిపోయిన సాయంత్రం గుంపులుగా వచ్చి ముఖం, మెడ, తలవెంట్రుకల మొదళ్లలో కూడా కుట్టేస్తాయి. ఇంట్లో ఆవిడే పెట్టిన ఫైల్లో మొదటి పేజీలోనే రాసి ఉంది, సాయంత్రాలు కిటికీలు, తలుపులు మూసుకోండి అని. మేం మూసుకున్నాం. ఇక పొయ్యి మీద ఉన్న చిమ్నీ ఫ్యాను మొదటి రోజు నుంచే తిరగట్లేదు. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది తప్ప గాలి లాగదు. ఆదివారం పొద్దునే ఫోటో తీసి పంపాను. "చూస్తాను" అంది, చూడలేదు. మరి వాసన ఎటు పోతుంది?

మంగళవారం సాయంత్రం ఏడు దాటింది. బయట పట్టపగల్లా వెలుగు, ఆకు కదలట్లేదు. అమ్మ చారు పెట్టింది. చిన్న గరిటెలో నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిర్చి తుంచి వేసింది, ఇంగువ డబ్బా మూత తీసింది. సరిగ్గా అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. తలుపు తట్టలేదు, బెల్లు కొట్టలేదు. తన తాళంచెవితో తలుపు తీసుకుని నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది ఆవిడ. నాన్న లుంగీలో సోఫాలో కూర్చుని ఉన్నారు, గబుక్కున లేచారు. మా బాబు కంచం ముందు కూర్చున్నాడు.

ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమిటిది?" అంది. చారు అని చెప్పబోయాను. నా మాట పూర్తికానివ్వలేదు. "దారి మీదికి కంపు కొడుతోంది. శనివారం వేరేవాళ్లు వస్తున్నారు. వాళ్లు ఈ పరదాల మధ్య ఎలా పడుకోవాలి?" అంటూ వెనకవైపు తలుపు బార్లా తెరిచేసింది. మిడ్జెస్ పొగలా లోపలికి వచ్చాయి. ఆవిడే రాసిన కాగితంలో మూసుకోమన్న తలుపు అది! ఆ తర్వాత అమ్మవైపు వేలు చూపించి, నాతో, "ఇది ఇక్కడితో ఆపమని ఆమెకి చెప్పు" అంది.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నూనెలో మిరపకాయలు నల్లబడుతున్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆవిడ ముఖంవైపు, నా ముఖంవైపు మార్చి మార్చి చూసి, "ఏమంటోందే?" అని అడిగింది.

నేనేం చెప్పానో తెలుసా? "వాసన బాగుంది, ఏం వండుతున్నారని అడుగుతోందమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలీదు. అమ్మ ముఖం చిన్నబోకూడదని అనుకున్నాను, అంతే. అప్పుడు ఆవిడతో గట్టిగా మాట్లాడాల్సింది. ఆ మెసేజ్ తీసి ముఖం ముందు పెట్టాల్సింది. "మీ ఫ్యాను తిరగట్లేదు, చెప్పా పెట్టకుండా లోపలికి ఎలా వచ్చారు?" అని అడగాల్సింది. ఆఫీసులో నలుగురితో వాదించి నెగ్గేదాన్ని, అక్కడ మాత్రం "సారీ" అన్నాను. రెండుసార్లు అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

అమ్మ నా మాట నమ్మింది. మర్నాడు పొద్దున లేవగానే చారు వెచ్చబెట్టి, ఊరినుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి, "పాపం నోరు తెరిచి అడిగింది, ఇచ్చి రండి" అని నాన్న చేతిలో పెట్టింది. అప్పుడు నేను స్నానానికి వెళ్లాను. ఆవిడ ఇల్లు అదే బాట మీద కాస్త పైన, రెండు నిమిషాల నడక. నేను వచ్చేసరికి నాన్న గిన్నెతో తిరిగి వస్తున్నారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెయ్యి అడ్డం ఊపి తలుపు వేసేసుకుందట. మూత కూడా తియ్యలేదు. నాన్న నన్ను ఏమీ అడగలేదు. నాన్నకి ఇంగ్లీషు కొంచెం వచ్చు. రాత్రి ఏమందో ఆయనకి అప్పటికే అర్థమైందన్నమాట. గిన్నె అమ్మకిచ్చి, "ఉదయం ఏమీ తినదట" అన్నారు. మా అమ్మకి ఆ పూట ఇద్దరం అబద్ధం చెప్పాం.

మిగిలిన మూడు రోజులూ బ్రెడ్డు, పెరుగన్నం, పచ్చడి. ఫ్యాను బాగవలేదు కాబట్టి తాలింపు వద్దన్నాను. వెళ్లే రోజు ఇల్లు అద్దంలా తుడిచి, పొయ్యి సబ్బుతో కడిగి, చెత్త తీసుకెళ్లి వెయ్యాల్సిన చోట వేసి, ప్రతి గదినీ వీడియో తీసి బయల్దేరాం.

నిన్నటి మెసేజ్: వాసన పోగొట్టే యంత్రం పెట్టించినందుకు 220, పరదాలు ఉతికించినందుకు 80. వెరసి సరిగ్గా 300. పైసా ఎక్కువ కాదు, తక్కువ కాదు. బిల్లు పంపమంటే లేదు. పైగా, "మీ వంట గురించి ముందే నిజం చెప్పి ఉండాల్సింది" అని రాసింది. చెప్పాను కదా! నేను చెప్పిన మాట, తనిచ్చిన జవాబు రెండూ స్క్రీన్‌షాట్ తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇవాళ పొద్దున నుంచి బ్లాక్ చేసింది.

బ్యాంకుకి ఫోన్ చేశాను. మోసపోయి ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బు బ్యాంకులే తిరిగివ్వాలని 2024 అక్టోబరు 7 నుంచి ఇక్కడ రూలుంది కదా, అదే అడిగాను. అది మోసగాళ్లకి వేసిన డబ్బుకేనట. ఇల్లు నిజంగా ఉంది, మీరు వారం ఉన్నారు, ఇది మీకూ ఆవిడకీ మధ్య తగాదా, మేం కల్పించుకోం అన్నారు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే? 100 పౌండ్లు దాటిన కొనుగోలైతే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలో సెక్షన్ 75 కింద కార్డు కంపెనీనే అడిగే హక్కు ఉండేది. సైట్ ద్వారా కట్టి ఉన్నా మధ్యలో అడగడానికి ఒకరుండేవారు. 115 కోసం రెండూ వదులుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఇంకొకటి బయటపడింది. స్కాట్లాండ్‌లో ఇలా రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లకి స్థానిక కౌన్సిల్ ఇచ్చే లైసెన్సు ఉండి తీరాలి. ప్రకటనలో ఆ లైసెన్సు నంబరు, ఇంటి ఎనర్జీ రేటింగ్ రెండూ వెయ్యాలి. ఆవిడ ప్రకటన మళ్లీ తెరిచి చూశాను, రెండూ లేవు. కౌన్సిల్ రిజిస్టరు ఎవరైనా చూడొచ్చు, ఆ ప్రాంతానికి హైలాండ్ కౌన్సిల్. ఆ చిరునామాతో వెతికితే నాకేమీ దొరకలేదు. కౌన్సిల్‌కి రాశాను, వాళ్లే తేలుస్తారు. రెండు నిమిషాల పని ఇది. కట్టకముందు చెయ్యాల్సింది, కట్టి పోగొట్టుకున్నాక చేశాను.

డబ్బు సంగతి షెరిఫ్ కోర్టులో, అంటే స్కాట్లాండ్ స్థానిక కోర్టులో, తేల్చుకుంటాను. 5,000 పౌండ్ల లోపు దావాలకి అక్కడ సింపుల్ ప్రొసీజర్ అని ఉంది, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. "కూర వాసనకి కేసేమిటి" అని తేలిగ్గా తీసేయొద్దు. ఇంగ్లాండ్‌లోని కెంట్‌లో వందల ఇళ్లున్న ఒక యజమాని, కూర వాసన వదలదని చెప్పి భారతీయులకీ పాకిస్తానీలకీ ఇళ్లు ఇవ్వొద్దని ఏజెంట్లకి రాస్తే, అది చట్టవిరుద్ధమని 2017లో కోర్టు తేల్చింది. మాది కాపురానికి తీసుకున్న అద్దె ఇల్లు కాదు, సెలవుల ఇల్లు, నాకు తెలుసు. కానీ మనిషిని చూసి సేవలో తేడా చూపించకూడదన్న 2010 ఈక్వాలిటీ చట్టం స్కాట్లాండ్‌కీ వర్తిస్తుంది. వేపిన చేపలకి, బేకన్‌కి ఆ పరదాలు ఎన్నిసార్లు ఉతికించిందో ఆవిడనే చెప్పమంటాను.

300 పౌండ్లు పోతే పోయాయి, సంపాదించుకుంటాం. నిన్న సాయంత్రం మా సొంత వంటింట్లో అమ్మ పప్పులోకి తాలింపు వెయ్యబోతూ ఆగి, కిటికీలన్నీ తెరిచి, పక్కింటి పెరట్లో ఎవరైనా ఉన్నారా అని తొంగి చూసింది. అంటే తనకి తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. అరవై ఐదేళ్ల మనిషి, మా అందరికీ వండిపెట్టిన చెయ్యి.

ఎండాకాలం సెలవులకి మనవాళ్లు చాలామంది అటే వెళ్తున్నారు కాబట్టి ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి. సైట్ బయట కట్టమంటే ఎంత తగ్గించినా వద్దు, క్రెడిట్ కార్డుతోనే కట్టండి. లైసెన్సు నంబరు అడిగి రిజిస్టర్లో చూసుకోండి. మన వంట గురించి ముందే రాతపూర్వకంగా అడగండి, డిపాజిట్ దేనికి పట్టుకుంటారో కూడా రాయించుకోండి. పొయ్యి మీద ఫ్యాను తిరగకపోతే ఆ రోజే వీడియో తీసి పంపండి. ఎవరైనా చెప్పకుండా లోపలికొస్తే నాలా సారీ చెప్పకండి, బయటికి వెళ్లమనండి.

ఇంటి పేరు కోర్టు విషయం తేలేదాకా ఇక్కడ రాయను. అరిసైగ్, మోరార్ వైపు బుక్ చేయబోతున్నవాళ్లు, చేసేసినవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, అదే ఇల్లో కాదో చెప్తాను. ఆగస్టు బుకింగులు కట్టాల్సింది ఈ వారాల్లోనే.