సర్కారు కొలువా, ఆట జీతమా: తొలితరం ఐస్ హాకీ ఆటగాడికి ఏది మేలు?

1910 చలికాలంలో కెనడాలోని రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి టీములో ఇద్దరు మొనగాళ్లు కలిసి ఆడారు. ఒకరు ఫ్రెడ్ టేలర్, అభిమానుల నోట ‘సైక్లోన్’ టేలర్. ఇంకొకరు ‘న్యూసీ’ లలోండ్. ఆటలో ఎవరు గొప్ప అన్న వాదన ఎప్పటికీ తెగదు, దాని జోలికి నేను పోను. డబ్బుకు హాకీ ఆడటం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో ఈ ఇద్దరిలో బతుకు తెరువును ఎవరు తెలివిగా చూసుకున్నారన్నదే నా ప్రశ్న.

అప్పట్లో రింకుల్లో, అంటే హాకీ ఆడే మంచు మైదానాల్లో, ఐస్ ఎక్కువగా చలికి గడ్డకట్టినదే. సీజన్ డిసెంబరు చివర మొదలై మార్చికి అయిపోయేది. మరి మిగతా ఎనిమిది తొమ్మిది నెలలు ఇల్లెలా గడవాలి?

లలోండ్ జవాబు సింపుల్: చలికాలం హాకీ, ఎండాకాలం లక్రాస్ (వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట). రెండింటికీ జీతమే. ఎవరు ఎక్కువిస్తే అటు. 1910 జనవరిలో మాంట్రియల్ కెనడియన్స్ తొలి ఆటలో తొలి గోల్ అతనిదే. సీజన్ సగంలో రెన్‌ఫ్రూకు మారి, రెండు టీములకూ కలిపి 11 ఆటల్లో 38 గోల్స్ కొట్టాడు. తర్వాత వాంకూవర్, మళ్లీ మాంట్రియల్, 1916లో హాకీలో పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్. 1950లో ఆ అర్ధ శతాబ్దికి కెనడాలో మేటి లక్రాస్ ఆటగాడిగా ఎంపికైంది కూడా అతనే. రెండు ఆటల్లోనూ ఆ స్థాయి అంటే మామూలు విషయం కాదు.

టేలర్ దారి వేరు. 1907లో ఒటావా క్లబ్బు అతన్ని రప్పించుకోవడానికి ఆట డబ్బుతో పాటు కేంద్ర ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ శాఖలో గుమాస్తా ఉద్యోగం కూడా చూపించింది. జీతం చిన్నదే. కానీ సర్కారు కొలువు విలువ మనవాళ్లకు విడమర్చి చెప్పాలా!

అలాగని అతను డబ్బుకు లొంగలేదని కాదు. 1909లో ఒటావాకు కప్పు గెలిచిపెట్టి, ఆ ఏడాది చివర్లో రెన్‌ఫ్రూకు వెళ్లిపోయాడు. ఆ టీము వెనక ఉన్నది వెండి గనుల్లో, రైలు కాంట్రాక్టుల్లో సంపాదించిన ఓబ్రయన్ కుటుంబం. 12 ఆటల సీజన్‌కు టేలర్ జీతం 5,250 డాలర్లని ఇప్పటికీ చెప్పుకుంటారు. అతను మళ్లీ ఒటావాలో ఆడటానికి వస్తే పాత అభిమానులే నిమ్మకాయలు, సీసాలు విసిరారు. అంతా చేసి రెన్‌ఫ్రూకు కప్పూ రాలేదు. మరుసటి సీజన్‌కు లీగ్ మొత్తం టీము జీతాలకు పెట్టిన పరిమితే 5,000 డాలర్లు! నిన్న ఒక్కడికిచ్చినంత కూడా నేడు జట్టంతటికీ లేదు. 1911కల్లా రెన్‌ఫ్రూ టీమే మూతపడింది. ఆట జీతాన్ని నమ్ముకుంటే ఎంత టెన్షనో దీన్నిబట్టే తెలుస్తుంది.

అప్పట్లో గాయానికో చావుకో భరోసా ఇచ్చే ఏర్పాటేదీ లేదు. హాడ్ స్టువర్ట్ అనే ఆటగాడు 1907 మార్చిలో మాంట్రియల్ వాండరర్స్‌తో స్టాన్లీ కప్ గెలిచాడు. జూన్‌లో నీళ్లలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. భార్యాపిల్లల కోసం 1908 జనవరి 2న ప్రత్యేక మ్యాచ్ ఆడి 2,000 డాలర్లకు పైగా పోగుచేసి ఇవ్వాల్సి వచ్చింది. 1919లో సియాటిల్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ సమయాన లలోండ్ కూడా ఫ్లూతో మంచాన పడ్డాడు, గండం తప్పింది. కానీ సిరీస్ ఆగిపోయింది, సహచరుడు జో హాల్ చనిపోయాడు.

టేలర్ 1912లో వాంకూవర్ చేరాడు. ఆ ఊళ్లోనూ ఇమ్మిగ్రేషన్ ఉద్యోగం చేస్తూనే, లీగ్‌లో ఐదుసార్లు పాయింట్లలో (గోల్స్, గోల్‌కు అందించిన సాయాలు కలిపి) మొదటి స్థానంలో నిలిచాడు. అయితే ఆ ఉద్యోగానికి ఇంకో ముఖం ఉంది, మన దేశం వాళ్లు మర్చిపోకూడనిది. 1914 మే 23న కొమగాట మారు ఓడ 376 మందితో వాంకూవర్ తీరానికి వచ్చింది. ఎక్కువమంది కెనడాలో బతుకు వెతుక్కుంటూ వచ్చిన పంజాబీలు. ఆ ఓడ ఎక్కిన తొలి అధికారుల్లో టేలర్ ఒకడు. వాళ్లను ఆపిన చట్టం అతను రాసింది కాదు, నిర్ణయమూ అతనిది కాదు. కానీ ఆ యంత్రాంగంలో అతనూ ఒక చెయ్యే. ఇరవై మందికి పైగా మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్లను రెండు నెలలు నీళ్లమీదే ఉంచి వెనక్కి పంపేశారు. బెంగాల్‌లోని బజ్‌బజ్‌లో దిగాక పోలీసు కాల్పుల్లో ఇరవై మంది దాకా పోయారు. ఓడ వెళ్లిపోయిన ఎనిమిది నెలలకు, 1915 మార్చిలో, అదే ఊళ్లో టేలర్ జట్టు మూడుకు మూడు ఆటలూ గెలిచి స్టాన్లీ కప్ ఎత్తింది. చేత్తో హాకీ కర్ర పట్టుకున్న మనిషి పేరే చరిత్రలో మెరిసింది, చేత్తో ఫైలు పట్టుకున్న మనిషిని చాలామంది ఎరగరు.

బతుకు లెక్క మాత్రమే చూస్తే నా ఓటు టేలర్‌కే. ఆట మానేశాక కూడా అదే శాఖలో పైకెదిగి, బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతాల కమిషనరయ్యాడు. 1950లో రిటైరయ్యాడు, 1979 దాకా బతికాడు. లలోండ్ ఆట తర్వాత కోచింగ్‌లోకి వెళ్లాడు. న్యూయార్క్, ఒటావా, మాంట్రియల్ అంటూ జట్లు మారుతూనే ఉన్నాడు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. టేలర్‌కు ఆ కుర్చీ దొరికింది అతను టేలర్ కాబట్టి. సగటు ఆటగాడి కోసం ఏ క్లబ్బూ సర్కారు ఉద్యోగం వెతకదు. అలాంటివాడికి లలోండ్ దారే గతి: రెండో ఆట గానీ, చేతిపని గానీ నేర్చుకుని, ఎక్కడ పిలిస్తే అక్కడికి పెట్టె సర్దుకోవడం.