అర్బానా, షాంపేన్, హోమర్: రైలు వచ్చినప్పుడు ఏ ఊరి దారి మేలు?

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి అర్బానా-షాంపేన్‌కు వెళ్లిన మన విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకదానినొకటి ఆనుకొని రెండు నగరాలు ఎందుకున్నాయి, రైలు వల్ల వాటిలో ఏది ఎక్కువ బాగుపడింది? ఆ రెండింటిని మాత్రమే చూస్తే దీనికి సరైన జవాబు దొరకదని నా అభిప్రాయం. అవి ఉన్న షాంపేన్ కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) తూర్పు వైపున ఉన్న హోమర్ అనే చిన్న ఊరిని కూడా కలిపి చూడాలి. 1850లలో పట్టాలు పడినప్పుడు అర్బానా ఉన్నచోటే ఉండిపోయింది, షాంపేన్ పట్టాల పక్కన కొత్తగా పుట్టింది, హోమర్ మాత్రం ఇళ్లతో సహా పట్టాల దగ్గరికి తరలిపోయింది.

ఈ మూడింటిని తూచడానికి జనాభా లెక్కలకన్నా ముఖ్యమైన కొలత, ధాన్యంతో నిండిన బండి పొలం నుంచి స్టేషనుకు చేరడానికి పడే శ్రమ. ఆ ప్రాంతపు ప్రెయిరీ (గడ్డిమైదానపు) నేల నల్లనిది, సారవంతమైనది, కానీ నీరు ఇంకక నిలిచిపోయే నేల. మట్టి గొట్టాలు పాతి నిలిచిన నీటిని బయటికి పంపే పని 1870ల తరువాత గాని విస్తృతంగా సాగలేదు, అందుకు వీలు కల్పించే రాష్ట్ర చట్టాలు 1879లో వచ్చాయి. అంతవరకు వసంతకాలంలో రోడ్డంటే బురదే. రైలు రాకముందు రైతులు పశువులను సుమారు 130 మైళ్ల దూరంలోని షికాగో దాకా నడిపించి అమ్ముకునేవారు. మొక్కజొన్నను బండ్లపై అంత దూరం తీసుకుపోతే గిట్టుబాటయ్యేది కాదు. అటువంటి చోట స్టేషను రెండు మైళ్ల దూరంలో ఉండటానికీ, అంగడి పక్కనే ఉండటానికీ మధ్య తేడా ఒక ఊరి వ్యాపారాన్ని పూర్తిగా మార్చగలిగేంత పెద్దది.

అర్బానా విషయంలో జరిగింది అదే. 1833లో కౌంటీ ఏర్పడిన నాటి నుంచి అదే ముఖ్యపట్టణం. తరువాత అమెరికా అధ్యక్షుడైన లింకన్, న్యాయవాదిగా ఊరూరి కోర్టులు తిరుగుతూ వచ్చి వాదించిన కోర్టు అక్కడిదే. ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గం 1854లో వచ్చినప్పుడు ఆ ఊరికి పడమరగా దాదాపు రెండు మైళ్ల దూరం నుంచి సాగిపోయింది. స్టేషను చుట్టూ వెలిసిన కొత్త స్థావరాన్ని మొదట వెస్ట్ అర్బానా అన్నారు, 1860లో అది షాంపేన్ అయింది. 1870 జనగణన నాటికి షాంపేన్‌లో 4,600కు పైగా జనం ఉండగా, అర్బానాలో దాదాపు అందులో సగమే ఉన్నారు.

షాంపేన్ బలం దాని స్థానం, దాని వెనుక ఉన్న భూమి వ్యాపారం. 1850లో అమెరికా కాంగ్రెసు ఇచ్చిన భూదానం వల్ల ఇల్లినాయ్ సెంట్రల్‌కు పట్టాలకు రెండు వైపులా సుమారు 26 లక్షల ఎకరాలు దక్కాయి, ఆ భూములు అమ్ముడుపోయి రైతులు స్థిరపడితేనే రైలుకు సరుకు దొరుకుతుంది. స్టేషన్ల దగ్గర కంపెనీ స్వయంగా ఊళ్లు వేయరాదని దాని చార్టర్ (కంపెనీ స్థాపనకు ఇచ్చిన అనుమతి పత్రం) నిషేధించడంతో, కంపెనీకి సంబంధించినవారే విడిగా ఒక బృందంగా ఏర్పడి అనేక స్టేషన్ల చుట్టూ ఒకే నమూనాలో ఊళ్లు గీశారు. వీధులకు చెట్ల పేర్లు పెట్టడం ఆ నమూనాలో భాగం. షాంపేన్ నడిబొడ్డున వాల్‌నట్, చెస్ట్‌నట్, హికరీ వీధులు నేటికీ ఉన్నాయి. అక్కడి పాత వీధులు దిక్కులను అనుసరించక పట్టాలకు సమాంతరంగా ఓరగా సాగడం గమనిస్తే, ఆ ఊరు ఎవరి అవసరం కోసం పుట్టిందో కళ్లకు కడుతుంది.

అయినా అర్బానా చచ్చిపోలేదు, దానికి కారణం కోర్టు. దస్తావేజులకు, పన్నులకు, వ్యాజ్యాలకు కౌంటీ అంతా అక్కడికే రావాలి. 1867లో విశ్వవిద్యాలయాన్ని ఈ కౌంటీకి సాధించడంలోనూ, ఆ తరువాత అర్బానా మీదుగా తూర్పు-పడమరల రైలుమార్గం వేయించడంలోనూ ఆ ఊరి శాసనసభ్యుడు క్లార్క్ గ్రిగ్స్ చేసిన కృషి గొప్పది. అయితే సొంత రైలు కోసం అర్బానా పదిహేనేళ్లు ఆగవలసి వచ్చింది, ఈలోగా ధాన్యం వ్యాపారం పొరుగు ఊరిలో పాతుకుపోయింది.

హోమర్‌కు కోర్టు లేదు, కంపెనీ భూమి లేదు. సాల్ట్ ఫోర్క్ ఏటి ఒడ్డున 1837లో వెలిసిన ఆ ఊరికి దక్షిణంగా, కొద్ది దూరంలోనే గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గం పడింది. ఊరిని స్థాపించినవారిలో ప్రముఖుడైన మైకేల్ కాఫీన్ చొరవతో 1855 చలికాలంలో ఇళ్లను, దుకాణాలను స్లెడ్జిల (చక్రాలు లేని, జారే బండ్ల) మీదికి ఎత్తి, ఎద్దులను కట్టి, కొత్త చోటికి లాగించారు. బురద గడ్డకట్టే చలికాలాన్ని ఎంచుకోవడంలోనే ఆ నేల గురించి వారికున్న తెలివి కనిపిస్తుంది. షాంపేన్‌లో అంగడి పెట్టిన వర్తకుడు రైతుల నమ్మకాన్ని మొదటి నుంచి సంపాదించుకోవాలి. హోమర్ వర్తకుడు తన పాత ఖాతాదారులను, అప్పుల పద్దులను, పొరుగువారిని వెంటబెట్టుకొని స్టేషను పక్కకు చేరాడు.

మిగిలిన ఊళ్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. టొలోనో రెండు రైలుమార్గాలు కలిసే కూడలి. 1861 ఫిబ్రవరి 11న వాషింగ్టన్‌కు వెళుతూ లింకన్ అక్కడ కొద్ది మాటలు మాట్లాడాడు. కూడలి వల్ల ప్రయాణికులు రైలు మారారే గాని ఊరు పెద్దగా ఎదగలేదు. రాంటూల్ ఇల్లినాయ్ సెంట్రల్ మీద ఉన్న మరొక స్టేషను ఊరు, షాంపేన్‌కు చెప్పినదే దానికీ వర్తిస్తుంది.

పెరుగుదలే కొలత అనుకునేవారు షాంపేన్‌నే ఎంచుకుంటారు, అందులో తప్పు లేదు. హోమర్ చిన్న ఊరుగానే మిగిలింది. అయితే ఉన్న ఊరినీ, ఉన్న మనుషులనూ పోగొట్టుకోకుండా రైలును అందుకోవడం లక్ష్యమైతే హోమర్ దారే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. కోర్టు వంటి ఆధారం ఉన్న ఊరు అర్బానాలా కదలకుండా ఉండవచ్చు, అది లేని ఊరికి ఆగే వెసులుబాటు ఉండదు. అర్బానా మీదుగా కొత్త మార్గం వేసినప్పుడు, అదే సాల్ట్ ఫోర్క్ ఒడ్డున ఉన్న సెయింట్ జోసెఫ్ ప్రజలు కూడా పాత చోటును వదిలి పట్టాల దగ్గరికే చేరారు.